కోనా వాలు మీద ఐదెకరాలు

కోనాలో మధ్యాహ్నపు మబ్బు కూడా తోటపని చేస్తుంది. పొద్దున్నంతా ఎండ తెల్లగా కాస్తుంది. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి సముద్రం మీది తేమ వాలు వెంట పైకి పాకి హువాలలై, మౌనా లోవా కొండల నడుముకు చేరి మబ్బు కడుతుంది. రెండింటికల్లా తోట మీద పలచని నీడ పరుచుకుంటుంది. అరకులో సిల్వర్ ఓక్ చెట్లు కాఫీకి పట్టే నీడను ఇక్కడ ఈ మబ్బే పడుతుంది. అందుకే కోనా తోటల్లో నీడచెట్లు పెద్దగా కనబడవు. వరసకట్టిన కాఫీ చెట్లు, మధ్యలో ఎక్కడో ఒక అవకాడో, ఒక మకడేమియా, కాళ్ల కింద నల్లటి లావా రాళ్లు, బాగా దిగువన నీలంగా పసిఫిక్. జనవరిలో గాలి తేటగా ఉన్న పూట తోటలో నిలబడి చూస్తే తిమింగలాలు చిమ్మే నీళ్లు కూడా కనిపిస్తాయి.

నేను వెళ్లింది సంక్రాంతి రోజుల్లో. హవాయి దీవులన్నిటిలోకీ పెద్దదైన హవాయి దీవికి పడమటి పక్క ఉంటుంది కోనా. కాఫీ పండే నేలంతా కలిపితే ముప్పై మైళ్ల పొడవు, రెండు మైళ్లకు మించని వెడల్పు. సముద్రమట్టానికి 500 అడుగుల దగ్గర మొదలై 3,000 అడుగుల దగ్గర ఆగిపోతుంది. అక్షాంశం చూస్తే అరకుకూ కోనాకూ ఒక డిగ్రీకి కాస్త ఎక్కువ తేడా. కానీ అరకులో కాఫీ మొదలయ్యే ఎత్తుకు కోనాలో దాదాపు అయిపోతుంది. చుట్టూ ఉన్న మహాసముద్రపు చల్లదనం, ఆ మధ్యాహ్నపు మబ్బు కలిసి తక్కువ ఎత్తులోనే అరబికాకు కావలసిన వాతావరణాన్ని అమరుస్తున్నాయి. వాన కూడా ఇక్కడ తన సొంత లెక్క ప్రకారం పడుతుంది. హవాయిలో మిగతాచోట్ల చలికాలం వానాకాలమైతే, కోనాలో ఎండాకాలమే తడి కాలం. కాయ ఊరేటప్పుడు వాన, గింజ ఆరబెట్టేటప్పుడు ఎండ. రైతు కోరి రాయించుకున్నా ఇంతకన్నా మంచి పంచాంగం దొరకదు.

నేను దిగిన తోట ఐదెకరాలది. భూమి సొంతం కాదు, దీర్ఘకాలపు కౌలు. కోనాలో చాలా చిన్న తోటలు అలాంటివే. ఇంటి యజమానురాలు ఎనభైకి దగ్గరపడుతున్న మనిషి, జపాన్ నుంచి వచ్చిన కుటుంబంలో మూడో తరం. హవాయిలో పెద్దవయసు వాళ్లందరినీ, చుట్టరికం లేకపోయినా, ఆంటీ అనో అంకుల్ అనో పిలుస్తారు. నాకు అది కొత్తగా నేర్చుకోవాల్సిన పద్ధతి కాలేదు. గుమ్మం బయట చెప్పులు విడిచి లోపలికి వెళ్లడం కూడా అంతే. పొద్దున్నే వంటింట్లోంచి ఉడికిన అన్నం వాసన వచ్చేది. కొత్త సంవత్సరానికి బంధువులంతా కూడి దంచి చేసుకున్న బియ్యపు మోచీ ముద్దలు ఫ్రీజర్లో ఇంకా మిగిలి ఉన్నాయి. వాటిని పెనం మీద కాల్చి, సోయా సాస్, చక్కెర అద్ది నా చేతిలో పెట్టి, "మీ ఊళ్లో ఇప్పుడు పండగ కదా, తిను" అన్నారామె. కొత్త బియ్యం దంచి అరిసెలు వండే ఇళ్లు గుర్తుకొచ్చాయి. పంట ఇంటికి వచ్చిన వేళ బియ్యప్పిండితో తీపి చేసుకోవాలన్న ఆలోచన ఇన్ని సముద్రాల అవతల కూడా మనుషులకు వచ్చిందన్నది నాకు ఎంతో సంతోషం కలిగించిన విషయం.

తోటపని ఆమెతో పాటు ఆమె తమ్ముడి కొడుకు చూస్తాడు. అతనికి సముద్రం ఒడ్డున ఒక హోటల్లో ఉద్యోగం. సాయంత్రం షిఫ్టు అడిగి వేయించుకుని, పొద్దున్నపూట తోటకు మిగుల్చుకుంటాడు. ఆ జీతం లేకపోతే ఐదెకరాల కాఫీ మీద ఇల్లు గడవదని ఇద్దరూ దాచకుండా చెప్పారు. దుకాణంలో అసలు కోనా కాఫీ ఒక పౌండు నలభై, యాభై డాలర్లు పలకడం చూసి వచ్చిన నాకు ముందు అది నమ్మబుద్ధి కాలేదు. వాళ్లతో పాటు వరసల్లోకి దిగాక లెక్క అర్థమైంది.

కాఫీ పండ్లన్నీ ఒక్కసారి పండవు. ఒకే కొమ్మ మీద పచ్చికాయ, పసుపుకాయ, ఎర్రపండు పక్కపక్కనే ఉంటాయి. ఆగస్టులో మొదలుపెట్టి జనవరి దాకా, ప్రతి చెట్టు దగ్గరికీ మళ్లీ మళ్లీ వెళ్లి, పండినవి మాత్రం చేత్తో కోసుకురావాలి. ఈ రాళ్ల వాలు మీద యంత్రం నడవదు. నడుముకు బుట్ట కట్టుకుని, కొక్కెం ఉన్న కర్రతో పైకొమ్మను కిందికి వంచి, ఆ కర్రకు కట్టిన తాడును కాలితో తొక్కిపట్టి, రెండు చేతులా కోస్తారు. పండు తొడిమ దగ్గర బొటనవేలు పెట్టి తిప్పితే పండొక్కటే ఊడి రావాలి. తొడిమతో సహా పీకితే వచ్చే ఏడాది పువ్వు పూసే చోటు పోతుంది. ఆంటీ వేళ్లు ఆ పని చూడకుండానే చేస్తాయి. నాతో మాట్లాడుతూ, దూరంగా ఎవరో పిలిస్తే పలుకుతూ, బుట్ట నింపేస్తారు. చేయి తిరిగినవాళ్లు మంచి పంట ఉన్న రోజున 200 పౌండ్ల పండు కోస్తారు. అంటే 90 కిలోలు. కానీ వేయించిన కాఫీ ఒక పౌండు కావాలంటే ఏడెనిమిది పౌండ్ల పండు పోవాలి. దుకాణంలో చూసిన ధర ఈ వేళ్ల దగ్గరే సగం కరిగిపోతుంది.

నేను ఉన్నది కోతల ఆఖరు. ఆ రోజుల్లో చేసేది వేరే రకం కోత. పండు, కాయ, ఎండి నల్లబడి కొమ్మకే అతుక్కుపోయిన తొక్క, ఏదీ మిగల్చకుండా చెట్టంతా దులిపేయాలి. ఎందుకంటే 2010లో ఇక్కడ కాయతొలుచు పురుగు కనబడింది. నువ్వుగింజంత కూడా ఉండని నల్లటి పురుగు. ఆడపురుగు కాయ కొనకు సూదిమొన లాంటి చిల్లు పెట్టి లోపలికి పోతుంది, గింజలోనే గుడ్లు పెడుతుంది. పిల్లలు ఆ గింజనే తిని పెరుగుతాయి. పైనుంచి మందు కొడితే లోపలున్న దానికి తగలదు. చెట్టు మీద ఒక్క ఎండుకాయ మిగిలినా వచ్చే పంటదాకా అందులో తలదాచుకుంటుంది. అందుకే ఆంటీ నేల మీద రాలిన కాయల్ని కూడా ఏరిస్తారు. కొమ్మలకు ఎర్రటి ప్లాస్టిక్ ఎరబుట్టలు వేలాడుతుంటాయి. ఆల్కహాల్ వాసనకు పురుగులు వచ్చి వాటిలో పడతాయి. అవి ఎన్ని పడుతున్నాయో చూసుకుని, పురుగును చంపే ఒక రకం బూజును నీళ్లలో కలిపి పిచికారీ చేస్తారు. బవేరియా అని దాని పేరు. పదేళ్లు ఈ పురుగుతో పడ్డాక 2020లో ఆకు తుప్పు తెగులు వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో సింహళపు కాఫీ తోటల్ని తుడిచిపెట్టి ఆ దీవిని తేయాకు దేశంగా మార్చిన తెగులు అదే.

మన దేశంలో ఈ కాయతొలుచు పురుగు 1990లో నీలగిరుల్లో, గూడలూరు దగ్గర మొదట బయటపడింది. అరకు కొండల్లోకి రావడానికి చాలాకాలం పట్టింది కానీ, 2025లో అక్కడా వచ్చేసింది. ఆ మాట చెప్పినప్పుడు ఆంటీ కోత ఆపి నావైపు తిరిగారు. "నేలమీది కాయలు ఏరమను. ముందు ఆ పని చెయ్యమను. ఇక్కడ మొదటి రెండేళ్లు ఎవరూ ఏరలేదు" అన్నారు. పక్కతోటవాడు ఏరకపోతే మన తోటలో ఏరీ లాభం లేదని, ఊరంతా ఒక్కమాట మీద ఉండాలని చాలాసేపు చెప్పారు. అరకు, పాడేరు కొండల్లో ఎకరం, రెండెకరాల కాఫీ పెట్టుకుని, దానిలోనే మిరియాల తీగ పాకించి బతుకుతున్న గిరిజన కుటుంబాలకు ఈ సలహాను ఉన్నదున్నట్టు చేరవేయాలని నాకు అనిపించింది. ఇక్కడ రాస్తున్నది కొంత అందుకే.

కోసిన పండు ఆ సాయంత్రానికే పల్పర్‌లో పడాలి. రాత్రి ఉంచితే పులుస్తుంది. ఇంటి వెనక రేకుల షెడ్డులో చిన్న యంత్రం పండు తొక్క ఒలిచి, జిగురుతో ఉన్న గింజల్ని తొట్టిలోకి తోస్తుంది. తొక్కలు మళ్లీ ఎరువుగా చెట్ల మొదళ్లకే. తొట్టిలో గింజలు రాత్రంతా నానతాయి. తెల్లవారుజామున ఆంటీ మోచేతిదాకా చేయి తొట్టిలో పెట్టి, గుప్పెడు గింజలు తీసి అరచేతుల మధ్య రుద్ది చూస్తారు. జారుతుంటే ఇంకా ఉంచాలి. గరుగ్గా, గులకరాళ్లు రాసుకున్నట్టు తగిలితే కడిగేయాలి. మేనల్లుడు ఫోనులో గంటలు లెక్కపెట్టుకుంటాడు. కానీ ఆఖరి మాట ఆమె చేతిదే.

కడిగిన గింజ ఆరేది ఆ షెడ్డు పైన. కోనా తోటల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. హోషిదానా అంటారు. షెడ్డు మీద చెక్కలతో పరిచిన సమతలమైన డాబా, దానికి పైన చక్రాల మీద పట్టాలపై జరిగే రేకుల కప్పు. ఎండ ఉన్నంతసేపు కప్పును పక్కకు తోసి గింజను ఆరబెడతారు, చెక్కపారతో గంటగంటకూ తిరగేస్తారు. చినుకు పడితే ఇంట్లో ఉన్నవాళ్లంతా పరుగెత్తి కప్పును మీదికి లాగేస్తారు. కింది షెడ్డులో పల్పర్ గోల, పైన ఎండలో పార్చ్‌మెంట్ అనే బంగారు రంగు పొట్టుతో గింజలు. వారం నుంచి రెండు వారాలు. తేమ పన్నెండు శాతం లోపుకు దిగేదాకా ఆ పార ఆగదు. కళ్లంలో వడ్లు ఎండబోసి, కాకుల్ని తోలుతూ కాళ్లతో చాళ్లు తీసిన పెద్దవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లను ఇక్కడికి తీసుకొస్తే చెప్పకుండానే పార అందుకుంటారు.

ఈ డాబాను ఆంటీ వాళ్ల తాతగారు కట్టారు. ఆయన చెరకు తోటల్లో కూలికి వచ్చిన మనిషి. కోనాకు కాఫీ 1828లో శామ్యూల్ రగుల్స్ అనే మిషనరీ చేతుల మీదుగా వచ్చింది. పెద్ద దొరల తోటలు చాలా వెలిశాయి. 1899లో ప్రపంచ మార్కెట్లో ధర కూలిపోవడంతో వాళ్లు నష్టాలు చూసి తప్పుకున్నారు. భూములు ఐదేసి, పదేసి ఎకరాల ముక్కలై కౌలుకు వచ్చాయి. ఆ ముక్కల్ని అందుకున్నది ఎక్కువగా జపాన్ కూలీలు. చెరకు తోటల్లో మేస్త్రీ కొరడా కింద పనిచేసి, ఒప్పందం ముగిసి కొందరు, ముగియకముందే రాత్రికి రాత్రి తప్పించుకుని పేరు మార్చుకుని కొందరు, ఈ మారుమూల వాలుకు చేరారు. ఇదే కాలంలో మన విశాఖ, గంజాం జిల్లాల మనుషులు ఫిజీ, నటాల్ చెరకు తోటల్లో గిర్మిట్ కూలీలుగా మగ్గుతున్నారు. తోట నుంచి తప్పించుకుని సొంత సేద్యం పెట్టుకోగల ఇలాంటి వాలు ఎందరికి దొరికిందో అని ఆ డాబా మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను.

సొంత సేద్యం అన్నా, స్వేచ్ఛ అంత తేలిగ్గా రాలేదు. బియ్యం, బట్ట, పనిముట్లు కంపెనీ కొట్లో ఖాతా మీద తెచ్చుకోవాలి, పంట రాగానే ఆ కొట్టుకే తోలాలి. 1930ల్లో ధర మళ్లీ పడిపోయినప్పుడు అప్పు తీరే దారి లేక చాలామంది తోటలొదిలి వెళ్లిపోయారు. ఉండిపోయినవాళ్లు ఇంట్లో పిల్లల్నే కూలీలు చేసుకున్నారు. ఇంతమంది పిల్లలు కోతలకు బడి మానేస్తుంటే చివరికి బడే వాళ్ల దారికి వచ్చింది. 1932 నుంచి 1960ల చివరిదాకా కోనా బళ్లకు పెద్ద సెలవులు అమెరికా అంతటికీ ఇచ్చినట్టు జూన్‌లో కాకుండా, ఆగస్టు నుంచి నవంబరు దాకా ఇచ్చేవారు. అమెరికా రాజ్యంలో ఒక పంట కోసం బడి క్యాలెండరునే తిప్పేశారన్నమాట. ఆంటీ చదువంతా ఆ క్యాలెండరులోనే సాగింది. పొద్దున చీకటుండగా గోనెసంచి భుజాన వేసుకుని తోటకు, చీకటిపడ్డాక ఇంటికి. "మాకు సెలవంటే పని మొదలవడం" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం ఉందేమోనని చూశాను, లేదు. అయితే తన పిల్లల్ని మాత్రం తోటకు దూరంగానే పెంచారు. ఒకరు హొనొలులులో, ఒకరు కాలిఫోర్నియాలో.

ఆమె ఈడువాడే ఎల్లిసన్ ఒనిజుకా. 1946లో కెయలకెకువాలో పుట్టి, కాఫీ తోటలో పెరిగి, అంతరిక్షంలోకి వెళ్లాడు. 1986లో ఛాలెంజర్ ప్రమాదంలో పోయిన ఏడుగురిలో ఒకడు. ఇక్కడి విమానాశ్రయానికి అతని పేరే పెట్టారు. కోనావాళ్లు అతని సంగతి చెప్పేటప్పుడు వ్యోమగామి అని మొదలుపెట్టరు, కాఫీ కోసిన కుర్రాడు అని మొదలుపెడతారు.

ఆంటీ గాడిదల కథ కూడా చెప్పారు. రోడ్లు లేని రోజుల్లో సంచులు మోసినవి అవే. వాటి ఓండ్రకు కోనా కోకిలలని పేరు పెట్టుకున్నారు. రెండో ప్రపంచయుద్ధం తర్వాత సైన్యం అమ్మేసిన జీపులు వచ్చాక గాడిదల్ని కొండ మీదికి వదిలేశారు.

ఇప్పుడు ఈ తోటలో కోతకు వచ్చేది ఎక్కువగా మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలు, మార్షల్ దీవులవాళ్లు. పండు తూకం మీద కూలి. ఒక పూట నాతో ఒకే వరసలో కోసిన దంపతులు తమకూ కౌలుకు మూడెకరాలు దొరికిందని, రెండేళ్లలో తమ పంట వస్తుందని చెప్పారు. వంద ఏళ్ల కిందట ఆంటీ తాతగారు ఎక్కిన మెట్టు మీదే వాళ్లు ఇప్పుడు కాలు పెడుతున్నారు.

నాకు కోపం తెప్పించిన సంగతి ఒకటుంది. ఊళ్లో సూపర్‌మార్కెట్ అరల్లో కోనా మిశ్రమం అని రాసిన పొట్లాలు వరసగా ఉంటాయి, ధర అసలు దానిలో మూడోవంతు కూడా ఉండదు. వాటిలో కోనా కాఫీ పదిశాతం ఉంటే చాలని దశాబ్దాలుగా హవాయి చట్టమే ఒప్పుకుంటోంది. మిగతా తొంభై శాతం ఏ దేశానిదైనా కావచ్చు. పొట్లం మీద మాత్రం ఈ కొండ బొమ్మ, ఈ వాలు పేరు. అది కాక అసలు ఈ దీవి నేలే చూడని గింజకు కోనా పేరు తగిలించి అమ్మిన వ్యాపారులూ ఉన్నారు. 2019లో కొందరు రైతులు సియాటిల్‌లోని ఫెడరల్ కోర్టుకెక్కారు. గింజలో ఏ ఖనిజం ఎంతుందో ప్రయోగశాలలో కొలిచి, అది ఈ లావా నేలలో పెరిగినది కాదని చూపించారు. ఒక్కొక్క కంపెనీ రాజీకి వచ్చేసరికి మొత్తం 4 కోట్ల డాలర్లు దాటింది. ఆ తర్వాత చట్టమూ కదిలింది. 2024లో చేసిన మార్పు ప్రకారం 2027 జులై నుంచి మిశ్రమంలో ఆ ప్రాంతపు కాఫీ కనీసం 51 శాతం ఉండాలి.

యాభైఒకటి కూడా నాకు తక్కువగానే అనిపిస్తుంది. చిన్నరైతుకు మార్కెట్లో ఉన్న ఆస్తి పేరొక్కటే. దిగుబడిలో బ్రెజిల్‌తో పోటీ పడలేడు, కూలిలో వియత్నాంతో పోటీ పడలేడు. తొడిమ దగ్గర బొటనవేలు తిప్పిన పని, తెల్లవారుజామున తొట్టిలో చేయి పెట్టిన పని, సెలవులు తెలియని బాల్యం, ఇవన్నీ ఆ పేరులోనే దాచుకున్నాడు. దాన్ని పదోవంతుకు పలచన చెయ్యడమంటే ఆ కష్టంలో తొమ్మిది వంతులు ఎత్తుకుపోవడమే. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు పెరుగుతోంది, పారిస్‌లో దుకాణం కూడా ఉంది. ఇంకా పెరిగేకొద్దీ దొంగలూ వస్తారు. వచ్చాక కోర్టుకెళ్లడం కన్నా, రాకముందే గింజ ఏ ఊరి నుంచి, ఎవరి తోట నుంచి వచ్చిందో సంచీ సంచీకి రాసిపెట్టుకునే అలవాటు మన కొండల్లో గట్టిపడాలి. ఆంటీ షెడ్డు గోడకు వేలాడే చిత్తు పుస్తకంలో ప్రతి తొట్టికీ తేదీ, వరస నంబరు, కోసినవాళ్ల పేరు ఉన్నాయి. ఎప్పుడైనా కోర్టుకెళ్లాల్సివస్తే అక్కరకొచ్చేవి ఇలాంటి పుస్తకాలే అని మేనల్లుడు చెప్పాడు.

కోతలు అయిపోగానే నరుకుడు మొదలు. కోనా రైతులు చెట్టును మూడు నాలుగేళ్లకోసారి మోకాలి ఎత్తుకు నరికేస్తారు. తోటంతా ఒకేసారి కాదు, ఏడాదికి కొన్ని వరసలు. 1950ల్లో బోమాంట్, ఫుకునాగా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇక్కడి విశ్వవిద్యాలయ పరిశోధనలో రూపొందించిన పద్ధతి అది. నరికిన మొద్దు నుంచి కొత్త చిగుళ్లు లేస్తాయి, బలమైనవి మూడో నాలుగో ఉంచి మిగతావి గిల్లేస్తారు. ఆ వరస మళ్లీ నిండుగా కాయాలంటే రెండేళ్లు.

నేను బయల్దేరే రోజు పొద్దున అత్తా అల్లుళ్ల మధ్య దానిమీదే వాదన నడుస్తోంది. ఆ ఏడాది నరకాల్సిన వరసల్లో ఒకటి విరగకాసే వరస. పురుగు మందుల అప్పు ఉంది కదా, దాన్ని ఇంకో ఏడాది ఉంచుదామని అతను. ముదిరిన కొమ్మకు తుప్పు ముందు పడుతుంది, ఇవాళ కొట్టకపోతే వచ్చే ఏడాది నాలుగు వరసలు కొట్టాల్సివస్తుంది అని ఆమె. అతను రాళ్ల గట్టు మీద కూర్చుని కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఆమె కళ్లజోడు పెట్టుకుని లెక్కంతా చదివి, తప్పేమీ లేదన్నారు. తిరిగి ఇచ్చేసి, ఆ వరసలో మొదటి చెట్టు దగ్గరికి వెళ్లి ఏ ఎత్తులో కొయ్యాలో చేత్తో చూపించారు. అతను కాగితం జేబులో పెట్టుకుని రంపం స్టార్ట్ చేశాడు.